నలభై సత్రాల సిఫారసు

మణిమేడు రాజు పినాకవర్మకి ఆ ఉదయం పెద్ద కష్టం వచ్చిపడింది. కరవు కాదు, యుద్ధం కాదు. పొరుగు రాజుగారి సత్రం పేరు ప్రతి దారిలోనూ పలకల మీద కనిపిస్తోందని, తన సత్రం పేరు ఎక్కడా లేదని ఎవరో చెవిన వేశారు.

తన సత్రంలో జనం కడుపునిండా తిని కంటినిండా నిద్రపోతారన్న సంగతి ఆయనకి ఊరటనివ్వలేదు. నెల తిరిగేలోగా మన పేరు అన్ని దారుల్లోనూ కనపడాలని హుకుం జారీ చేశాడు.

ఆస్థాన ప్రచారాధికారి భుజంగరాయుడికి నెల అక్కర్లేకపోయింది. తన ఇంటికి తాను వెళ్తున్నా ముందు డప్పు కొట్టించుకునే మనిషి ఆయన. మర్నాడే ఒక ఒప్పందంతో వచ్చాడు. దారుల వెంట ఉన్న నలభై సత్రాలవాళ్లు తమ గుమ్మాల్లో రాజుగారి సత్రం పేరు పెడతారట. బదులుగా మన గుమ్మంలో ఉన్న దారిరాయి మీద వాళ్ల పేర్లు చెక్కించాలట. ఖజానా నుంచి కాసు కదలక్కర్లేదట.

దారిరాయి అంటే, ముందు మజిలీలో ఎక్కడ దిగితే మంచిదో బాటసారులకి చెప్పే రాయి. దాని మీద ఉన్నవి మూడే పేర్లు, కింద రాజముద్ర. ఆ ముద్ర చూసి జనం ఇంకెవర్నీ అడిగేవారు కాదు. పిల్లాపాపలతో నేరుగా అక్కడికే వెళ్లి దిగేవారు.

ఆ రాయి బాధ్యత రాజుగారి ఆంతరంగికుడు ఓబులయ్యది. ఆ నలభై సత్రాల వైభవం అతనికి బాగా తెలుసు. గోడల నిండా జుట్టునూనెల పేర్లు, తాయెత్తుల పేర్లు. అన్నం అడిగితే ముందు పళ్లపొడి మహిమ మీద పాట వినాలి. పాట అయ్యేసరికి అన్నం చల్లారుతుంది, అసలు వండి ఉంటే. మంచం మీద వాలితే పైకప్పు నుంచి జాతకాలాయన బొమ్మ కళ్లురిమి చూస్తుంది. లోపల అడుగుపెట్టిన తలకి ఇంత అని వర్తకులు యజమానికి ముట్టజెబుతారు. ఆ తల తిన్నదా, పస్తు పడుకుందా అన్నది ఎవరికీ పట్టదు.

"ఆ నలభై మందీ ఒకరి పేరు ఒకరు కూడా పెట్టుకుంటున్నారు మహారాజా," అన్నాడు ఓబులయ్య. "ఒక్కో గుమ్మంలో ముప్పైతొమ్మిది పేర్లు వాళ్లవి, నలభయ్యోది మనది. అన్ని పేర్లు చదివి మంచిదేదో ఎంచుకునే తెలివున్నవాడు అసలు ఆ సత్రంలో ఎందుకు దిగుతాడు?"

భుజంగరాయుడు జాలిగా నవ్వాడు. "ఓబులయ్యకి తీసివేతలే వచ్చు ప్రభూ, కూడికలు నేర్పినవాళ్లు లేరు. మనకి పోయేదేముంది, నాలుగు ఉలి దెబ్బలు తప్ప?"

రాజుకి ఈ మాట నచ్చింది. రేపు సాయంత్రంలోగా ఒప్పందంలో తప్పు చూపించమని, లేకపోతే ఆ నలభై పేర్ల కింద ఓబులయ్యే స్వయంగా రాజముద్ర వెయ్యాలని తేల్చేశాడు. ఆ ముద్ర పడితే, దాన్ని నమ్మి వెళ్లి పస్తు పడుకున్న ప్రతి బాటసారీ తిట్టేది రాజుగారినే.

ఓబులయ్య ఒక్కటే అడిగాడు. ఆ సత్రాల్ని అధికారిగారు స్వయంగా చూశారా అని.

భుజంగరాయుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక్కొక్కటీ గాలించి ఎంచాను. సాక్షాత్తూ మహారాజావారు దిగదగ్గ సత్రాలు."

ముక్కు మూసుకుని గుమ్మం దాకా వెళ్లి, యజమానులు కప్పిన శాలువాలు పుచ్చుకుని వెనక్కి తిరిగాడన్నది వేరే సంగతి.

మర్నాడు సాయంత్రం శిల్పి ఉలితో సహా సభకి వచ్చాడు. భుజంగరాయుడు పట్టుబట్టలతో వచ్చి, త్వరగా సెలవిప్పించమని కోరాడు. ఎల్లుండి ఆయన కూతురి పెళ్లి. మగపెళ్లివారు ఈ పూటే దిగుతున్నారు.

"కంగారు పడకండి రాయలవారూ," అన్నాడు ఓబులయ్య. "మీ వియ్యాలవారు మధ్యాహ్నమే మన సత్రం గుమ్మంలోకి వచ్చారు. విడిది ఎక్కడని అడిగారట. మీ నలభైలో మొదటి సత్రం చూపించమని మనిషితో కబురు పంపాను."

భుజంగరాయుడి భుజం మీది శాలువా జారి కింద పడింది.

"ఎవరు పంపమన్నారయ్యా అక్కడికి? ఆ కొంపలో కుక్క కూడా పడుకోదు. కూరలో ఉప్పు తగ్గితేనే మా వియ్యపురాలు ఏడాది పొడుగునా చెప్పుకునే మనిషి. పళ్లపొడి పాట వినిపించి పస్తు పడుకోబెడితే, రేపు నా కూతురు ఆ ఇంట్లో ఎలా బతుకుతుంది?"

ఓబులయ్య వంగి శాలువా తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతికిచ్చాడు.

"మహారాజావారు దిగదగ్గ చోట మీ వియ్యపురాలు దిగకూడదా?"

ముందు శిల్పి నవ్వాడు. తర్వాత సేనాపతి. ఆఖరికి రాజుగారు సింహాసనం చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వు ఆగాక వేలి ఉంగరం తీసి ఓబులయ్య చేతిలో పెట్టి, శిల్పిని ఇంటికి వెళ్లమన్నాడు. ఇకమీదట దారిరాయి మీద ఎవరి పేరైనా చేర్చాలంటే, చేర్చమన్నవాడు ముందు తన వియ్యాలవారిని మూడు రోజులు అక్కడ దించి రావాలని శాసనం చేశాడు.

భుజంగరాయుడికి ఇవేవీ వినపడలేదు. ద్వారం వైపు పరుగెత్తబోతుంటే ఓబులయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కబురు అందేలోగానే మీవాళ్లు మన సత్రంలో విస్తళ్ల ముందు కూర్చున్నారండీ. తిని, హాయిగా నిద్రపోతున్నారు."

భుజంగరాయుడు పెద్ద నిట్టూర్పు విడిచాడు. అంత అవమానంలోనూ ఓబులయ్య చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?"