ఎడమవైపు నీళ్ల ముంత

నాగదేవుడి కాలి గాయం కంటే ఆయన నోరే రేవతుడికి పెద్ద బాధగా తయారైంది.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధారామంలో ఎవరికి జబ్బు చేసినా మరో భిక్షువు దగ్గరుండి చూసుకోవాలి. నాగదేవుడు ఆరామానికంతటికీ పెద్దవాడు. రేవు మెట్ల మీద జారిపడి పిక్క చీరుకుపోయింది, ఎడమ భుజం పట్టేసింది. వైద్యుడు వచ్చి కట్టు కట్టి, చూడవలసిన గుర్తులు చెప్పి వెళ్లాడు. చూసుకునే పని రేవతుడి మీద పడింది.

ఆ పనితో అతనికి తాతలు దిగొచ్చారు. జావ తెస్తే, "ఇది జావా, కుండ కడిగిన నీళ్లా?" అనేవాడు ముసలాయన. కాస్త చిక్కగా కాస్తే, "గోడకు పూయడానికి తెచ్చావా?" అనేవాడు. తలగడ ఎత్తయిందనేవాడు. తగ్గిస్తే పల్లమైందనేవాడు. అన్నిటికంటే ఘోరం నీళ్ల ముంత. ఒకసారి పొరపాటున దాన్ని మంచానికి ఎడమవైపు పెట్టాడు రేవతుడు. కాలికి కట్టుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన ఒంటికాలి మీద లేచేవాడే.

"ఎడం చెయ్యి లేవదని ఎన్నిసార్లు చెప్పాలి? కుడివైపు పెట్టవయ్యా, కుడివైపు! ఆ తలకాయలో ఏముంది అసలు?"

తలకాయలో ఏముందో రేవతుడు పైకి అనలేదు. అవి భిక్షువు నోట రాదగ్గ మాటలు కావు.

ఇంతలో ధాన్యకటకానికి పడవ బయలుదేరుతోందని తెలిసింది. అక్కడ పెద్ద సభ. దూరదేశాల ఆచార్యులు వస్తున్నారు. ఆ సభలో నిలబడాలని రేవతుడు ఏడాదిగా సూత్రాలు వల్లె వేస్తున్నాడు. గురువు నందిమిత్రుడి దగ్గరికి వెళ్లి, తననూ పంపమని బతిమాలుకున్నాడు.

"నాగదేవులవారు తేరుకుంటే వెళ్లు" అన్నాడు గురువు.

ఆ రోజు నుంచి రేవతుడు రోగి వంక చూసింది తక్కువ, రేవు వంక చూసింది ఎక్కువ.

పడవ బయలుదేరే రోజు పొద్దున్నే మూట కట్టేసుకుని గురువు దగ్గరికి వచ్చాడు. నందిమిత్రుడు ఎండలో కూర్చుని చిరిగిన చీవరం కుట్టుకుంటున్నాడు.

"భంతే, నాగదేవులవారికి నయమైపోయింది!"

"ఎలా తెలిసింది?"

"నుదురు చల్లగా ఉంది, జ్వరం లేదు. నొప్పి ఉందా అంటే లేదన్నారు. రాత్రంతా కదలకుండా పడుకున్నారు, ఇంకా మగతగానే ఉన్నారు. జావ ఎలా ఉందంటే బాగుందన్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి నన్ను ఒక్క మాట అంటే ఒట్టు! ఇన్నాళ్లకు నా చెవులకు విశ్రాంతి దొరికింది భంతే."

గురువు చేతిలో సూది ఆగింది.

"జావ బాగుందన్నారా?"

"అన్నారు భంతే."

"నాగదేవులవారు?"

రేవతుడికి చిరాకేసింది. నయమైందంటే సంతోషించాలి గానీ ఈ ఆరాలేమిటి? అవతల రేవులో పడవవాళ్లు కేకలు పెడుతున్నారు. వైద్యుడు చెప్పిన గుర్తులన్నీ వరసగా చూశాడు కదా, ఇంకేం చూడమంటాడు ఈ మనిషి?

నందిమిత్రుడు సూదిని గుడ్డకు గుచ్చి లేచాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవడం రేవతుడు ఎప్పుడూ చూడలేదు.

నాగదేవుడు కళ్లు సగం మూసుకుని పడుకుని ఉన్నాడు. పక్కనే జావ గిన్నె, పోసింది పోసినట్టే తెట్టు కట్టి ఉంది. బాగుందన్న మాట విన్నాడు గానీ, తాగారో లేదో రేవతుడు చూసుకోలేదు.

గురువు కుడివైపున ఉన్న నీళ్ల ముంతను తీశాడు. మంచం చుట్టూ తిరిగి వెళ్లి, దాన్ని ఎడమవైపు టక్కున చప్పుడయ్యేట్టు పెట్టాడు.

రేవతుడు ఇప్పుడు మీద పడబోయే తిట్ల కోసం భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు.

ముసలాయన ముంత వంక చూశాడు.

"బాగానే ఉంది... నాయనా" అన్నాడు.

గురువు రేవతుడి చెయ్యి పట్టుకుని ఆయన పాదం మీద ఉంచాడు. దుప్పటి కింద కూడా అది రాయిలా చల్లగా ఉంది. తర్వాత కట్టు విప్పాడు. కుళ్లు వాసన గుప్పున కొట్టింది. ఎరుపు మోకాలు దాటి పైకి పాకింది.

"వైద్యుణ్ణి తీసుకురా, పరిగెత్తు!" అని అరిచాడు నందిమిత్రుడు. ఆయన గొంతు పెంచగా ఆరామంలో ఎవరూ విని ఎరగరు.

రేవతుడు పరిగెత్తాడు. దారి రేవు మీదుగానే వెళ్తుంది. పడవవాళ్లు పేరు పెట్టి పిలిచినా ఆగలేదు.

వైద్యుడు పుండు కోసి చీము తీశాడు. చేతులు కడుక్కుంటూ రేవతుడి మీద విరుచుకుపడ్డాడు. "సాయంత్రం దాకా ఆగి ఉంటే నన్ను కాదు, పాడె మోసేవాళ్లను పిలుచుకునేవాళ్లు!"

రేవతుడు నిలువునా నీరైపోయాడు. పడవ వెళ్లిపోయింది. అతను మంచం పక్కన కూర్చుని చెంచాతో గోరువెచ్చని నీళ్లు పోస్తున్నాడు. ముసలాయన మింగుతున్నాడు గానీ మాట్లాడటం లేదు. ఎన్నడూ లేనిది, ఆ గది నిశ్శబ్దం రేవతుణ్ణి భయపెట్టింది. ఒక్కసారి తిట్టండి మహానుభావా అని లోలోపల మొక్కుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున ముసలాయన జావ గుక్కెడు తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పు వెయ్యడానికి చేతులు రాలేదా?"

రేవతుడికి ఏడుపు ఆగలేదు. ఉప్పు తేవడానికి వంటశాలకు వెళ్లినవాడు అక్కడే నిలబడి తనివితీరా ఏడ్చి, కళ్లు తుడుచుకుని వచ్చాడు.

వానలు మొదలయ్యేలోపు ధాన్యకటకానికి ఇంకో పడవ బయలుదేరింది. ఆ మాట చెబుదామని నందిమిత్రుడు రోగి గది గుమ్మం దాకా వచ్చాడు. రేవతుడు బయట కట్టుగుడ్డలు ఆరేస్తున్నాడు. లోపల నుంచి కేక వినిపించింది.

"నిన్నా ఎడమవైపే, ఇవాళా ఎడమవైపే! ఒరే, నీకు కుడి ఏదో ఎడమ ఏదో కూడా తెలియదుట్రా?"

గురువు కనుబొమలు ముడిపడ్డాయి.

"ముంత అటు ఎందుకు పెట్టావు?"

"రోజూ పొద్దున ఒకసారి పెడతాను. ఎలా ఉన్నారో అడగాలి కదా, భంతే" అన్నాడు రేవతుడు.

చేతిలో గుడ్డ దండెం మీద వేసి, ముంతను కుడివైపుకు మార్చడానికి గబగబా లోపలికి వెళ్లాడు.