వట్టి రోట్లో మూడు పోట్లు

అనగనగా అంటే ఏనాడో లెక్క చెప్పేవాళ్ళు లేరు. వడ్లు మిల్లుకు కాక రోటికి వెళ్ళే రోజులని మాత్రం చెప్పగలను. ఆ రోజుల్లో సూరమ్మగారని ఒక పెద్దింటి ఇల్లాలు. ఆమె ఇంట్లో వడ్లు దంచే మనిషి గవరమ్మ.

ఆ ఇంటికో ఆచారం. ఏరువాక పున్నమి, అంటే దుక్కి మొదలుపెట్టే పండగ నాడు, అప్పటికప్పుడు దంచిన బియ్యంతో పరమాన్నం వండాలి. ముందు ఎడ్లకి, తర్వాత పనివాళ్ళకి, ఆఖరున ఇంటివాళ్ళకి. సూరమ్మగారి అత్తగారు పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుని, "పరమాన్నం తప్పిన ఏడు ఈ ఇల్లు నిలవదు" అని మాట తీసుకుంది.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడు లేదు. మూడో ఏటికి గాదెలు ఊడ్చేశారు. మిగిలింది విత్తనాల మూట ఒక్కటే.

పండగ పొద్దున సూరమ్మగారు ఆ మూట తెచ్చి గవరమ్మ ముందు పెట్టింది.

"దంచవే."

"విత్తనాలమ్మగారూ."

"నాకు చూపే ఆనదు, బుద్ధి బాగానే ఉంది. దంచు."

ఇక్కడొకటి గుర్తుంచుకోండి. పొట్టు ఊడిన గింజ మొలకెత్తదు. ఆ మూట దంచితే ఇవాళ పరమాన్నం. రేపు విత్తడానికి ఏమీ లేదు.

గవరమ్మ మూట ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి రోకలి చప్పుడు మొదలైంది.

"ఏమే గవరీ, రోలు ఠంగుమంటోంది?"

"మొదటి వాయి కదమ్మగారూ." గవరమ్మ పక్కనున్న బుట్టలోంచి గుప్పెడు ఊక తీసి రోట్లో వేసింది. చప్పుడు మెత్తబడింది.

"ఏమే గవరీ, ఇంతసేపైనా చెరిగిన చప్పుడు లేదు?"

"ఉన్నవి రెండు చేతులే. మీరొచ్చి చెరుగుతారా?" అని ఆ ఊకనే చేటలో పోసి చెరిగింది. చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

మూడోసారి పిలుపు రాలేదు. కర్ర చప్పుడొచ్చింది. సూరమ్మగారు తడుముకుంటూ వచ్చి రోట్లో చెయ్యి పెట్టింది. పిడికిలి తీసి విప్పింది. వేళ్ళ సందుల్లోంచి ఊక రాలింది.

"వడ్లేవి?"

గవరమ్మ రోకలి గోడకి ఆనించింది.

"నా ఇల్లు కూలుస్తావా? వడ్లేవే?"

"చెప్పను. చెబితే తినేస్తారు. పొయ్యి మీద చోడిపిండి ఉడుకుతోంది, మా ఇంటినుంచి తెచ్చాను. మీ బెల్లం వేశాను. ముందు ఎడ్లకి పెట్టండి."

చోళ్ళంటే రాగులే. పెద్దింట్లో పండగ నాడు చోళ్ళు వండడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు.

"గడప దాటు. మళ్ళీ ఈ రోకలి ముట్టుకున్నావో..."

గవరమ్మ గడప దాటింది.

సూరమ్మగారి కొడుకులు గాదెల్లో వెతికారు. అటకల మీద వెతికారు. గడ్డివాము కూడా పీకి చూశారు. మూట లేదు. మధ్యాహ్నానికి ఎడ్లు ఆకలికి అరిచాయి. చేసేది లేక ఆ చోడి పాయసమే పంచారు. సూరమ్మగారు మాత్రం ముట్టలేదు. దూలం ఎక్కడ చిటుక్కుమంటుందా అని చెవులు రిక్కించి కూర్చుంది.

ఒక వారం గడిచింది. రెండో వారం గడిచింది. మూడో వారం వాన పడింది. నేల మెత్తబడింది, విత్తనం లేదు. కొడుకులు అరుగు మీద తలలు పట్టుకున్నారు.

ఆ వానలోనే గవరమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి పోయి ఊక బుట్ట బోర్లించింది. అడుగున మూట. ముడి కూడా విప్పలేదు.

"ఊకలో వడ్లు ఎవరు వెతుకుతారమ్మగారూ" అంది.

సూరమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చేతికి ఎముక తగిలింది.

"ఏం తింటున్నావే?"

"ఉన్న చోళ్ళు మీ పొయ్యెక్కాయి కదా."

ఆ పూట నుంచి సూరమ్మగారు దగ్గర కూర్చుని తినిపించింది. కానీ మనిషి తేరుకోలేదు. వరి ఈనకముందే గవరమ్మ పోయింది.

మళ్ళీ ఏరువాక వచ్చింది. గాదెల నిండా వడ్లు. సూరమ్మగారు రోకలి తెమ్మంది. వట్టి రోట్లో మూడు పోట్లు వేసింది. ఠంగు. ఠంగు. ఠంగు.

"గవరీ, ఈసారి ఏమీ అడగనులే" అంది. ముందు చోడి పాయసం వడ్డించి, తర్వాతే పరమాన్నం పెట్టింది.

ఆ వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ ఏరువాక నాడు మొదటి ముద్ద చోళ్ళదే. కొత్త కోడళ్ళు అందులో జీడిపప్పు వేస్తున్నారు. వేసుకోనివ్వండి. రోళ్ళు పెరట్లో పిచుకలకు నీళ్ళ తొట్లయ్యాయి. రోలు లేనివాళ్ళు ఖాళీ మిక్సీ గిన్నె మీద గరిటెతో మూడుసార్లు కొడతారు.

ఖాళీది ఎందుకు కొడతారని పిల్లలు అడుగుతారు. విత్తనాలు భద్రంగా ఉన్నాయని గవరమ్మకి వినబడాలి కదా, అంటారు పెద్దవాళ్ళు.