తెల్ల మక్క

వాగుకు ఇవతలి ఊళ్లో అందరూ తెల్ల మక్కజొన్నే వేసేవారు. ఏటా సగం పురుగుకు, సగం మనిషికి.

ఒక ఏడు భుజాన సంచితో ఒకాయన వచ్చాడు. సంచిలో పసుపుపచ్చని మక్క గింజలున్నాయి.

"వీటి మొక్కను పురుగు బతకనివ్వదనుకునేరు సుమా, పురుగునే ఆ మొక్క బతకనివ్వదు" అన్నాడు.

ఆయన మాట అబద్ధం కాలేదు. సాయవ్వ చేనులో ఆకు కొరికిన పురుగు అక్కడే రాలిపోయింది. పురుగుమందు కొట్టి కొట్టి ఏడాది పొడుగునా దగ్గే ఆమె పెనిమిటి ఆశన్న ఆ ఏడు దగ్గలేదు. గరిసె గింజలతో నిండింది. ఇక తెల్ల విత్తనం దాచే ఇల్లే లేకపోయింది.

మరుసటేడు సాయవ్వ ఆ పంటలోంచే పెద్ద కంకులు ఏరి విత్తింది. ఒక మొక్క మోకాలెత్తు, ఇంకొకటి మనిషెత్తు లేచాయి. సగానికి కంకే రాలేదు.

"దాచుకుంటే అంతే. ఏటా నేను తెస్తాను కదా!" అన్నాడు సంచి ఆయన.

మూడో ఏడు తొలకరి పడింది. ఆయన రాలేదు. ఊరంతా బాట వైపు చూస్తూ కూర్చుంది. సాయవ్వ మాత్రం లేచింది. తెల్ల గింజల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఎక్కడా లేవు. చివరికి వాగు దాటి, కొత్త విత్తనం ఎన్నడూ ముట్టని ముసలి భీంబాయి గడప తొక్కింది.

భీంబాయి ఒక కంకి పొట్టు ఒలిచింది. తెల్ల గింజల నడుమ అక్కడక్కడా పసుపు గింజలు.

"ఇవి నువ్వు వేసినవా అవ్వా?"

"నేనెందుకు వేస్త బిడ్డా? మీ చేల మీది గాలి వేసింది."

ఇద్దరూ కూర్చుని పసుపు గింజలన్నీ గోటితో ఏరి పారేశారు. దోసెడు తెల్లవి మిగిలాయి.

"ఇప్పుడే విత్తకు. మీవోళ్ల మక్కతో కలిసి పూస్తే ఆ పుప్పొడి దీని మీద పడి మళ్ల ఇదే కథ. వాళ్లు విత్తినంక నెల ఆగు" అంది భీంబాయి.

సాయవ్వ ఇల్లు చేరేసరికి సంచి ఆయన వచ్చి ఉన్నాడు. ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. ఆశన్న పెద్ద చేనంతా పసుపు గింజ విత్తేశాడు. చిన్న మడికి మాత్రం సాయవ్వ అడ్డం నిలబడింది.

"పిచ్చిదానా, నేల పదును ఆరిపోతది. ఆయన వచ్చిండు గద!"

"ఈ ఏడు వచ్చిండు. వచ్చే ఏడు రాకుంటే?"

ఆశన్న గింజల గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు. సాయవ్వకూ లోపల ధైర్యం లేదు.

నెల గడిచింది. చుట్టూ పసుపు మక్క మోకాళ్లు దాటి ఊగుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయవ్వ గింజలు కొంగున కట్టుకుని మడి మధ్య కూర్చుని, తడి కోసం మట్టిలోకి వేలు దించింది. మొదటి కణుపు దాకా పొడి. రెండో కణుపు దాకా పొడి.

ఆమె ఇంకా లోపలికి దించింది.