పైడమ్మ పంచిన పొయ్యిలు

కార్తీకమాసం సగానికొచ్చేసరికి పైడమ్మకి తిండి సయించడం మానేసింది. కళ్ళు మూస్తే వంటలు, తెరిస్తే తోడికోడళ్ళు. వనభోజనం బరువు ఆ ఏడు ఆమె నెత్తిన పడింది మరి.

ప్రతి కార్తీకంలోనూ తమ జీడితోటలో, ఉసిరిచెట్టు కింద, ఇంటిల్లిపాదీ కలిసి వండుకుని తినడం ఆ ఇంట్లో అత్తగారు పెట్టిన అలవాటు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, అల్లుళ్ళు, మనవలు, ఆడపడుచుల సంసారాలు, అందరూ చేరితే చిన్న పెళ్ళంత సందడి. అత్తగారు పోయాక తోటలో పొయ్యి వెలగలేదు. ఈసారి పెద్దకోడలు పైడమ్మే పట్టుబట్టి అందరినీ పిలిచింది.

పిలిచింది, బాగానే ఉంది. వచ్చేవాళ్ళలో దాలమ్మ కూడా ఉంది. ఆఖరి తోడికోడలు. ఆమెకీ పైడమ్మకీ రెండేళ్ళుగా మాటల్లేవు.

అత్తగారు మంచాన పడ్డప్పుడు చాకిరీ అంతా పైడమ్మే చేసింది. దాలమ్మ పుట్టింటి నుంచి కదల్లేదు. కబురు అందాక వచ్చి శవం మీద పడి ఏడ్చింది. అప్పుడు, ఊరంతా చూస్తుండగా, పైడమ్మ నోరు ఊరుకోలేదు. "బతికుండగా గుక్కెడు నీళ్ళు పొయ్యడానికి తీరిక లేదు గానీ, ఏడవడానికి మాత్రం తయారు!" అనేసింది.

దాలమ్మ తల్లి కూడా అక్కడ అదే రోజుల్లో మంచాన ఉందని తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం? అన్న మాట అననే అంది. తప్పయిందని చెప్పాలంటే నోరు తెరవాలి. అంత గడుసు నోరూ దానికి మాత్రం పెగల్లేదు.

పిలవడానికి వెళ్ళినప్పుడు దాలమ్మ లోపలి గదిలోంచి బయటికే రాలేదు. ఆమె మొగుడు గవర్రాజు అరుగు మీద కూర్చుని, తల దించుకుని చెప్పాడు. "నువ్వొచ్చి పిలిచావు గనక ఈ ఒక్కసారికీ వస్తాం వదినా. అక్కడ మళ్ళీ ఒక్క మాట జారిందా, ఇంక మా వంట మా పెరట్లోనే. మమ్మల్ని పిలవొద్దు."

గవర్రాజు కోపిష్టి అయితే పైడమ్మ అంతగా పట్టించుకునేది కాదు. నోట్లో నాలుక లేని మనిషి అతను. అలాంటివాడు అంత మాట అన్నాడంటే అది మాట కాదు, తీర్మానం. ముప్ఫై ఏళ్ళు అత్తగారు నిలబెట్టిన పండుగ తన చేతుల్లో ముగిసిపోతుందేమోనని పైడమ్మకి గుండెల్లో రాయి పడింది.

బుర్ర బద్దలుకొట్టుకుని ఒక ఏర్పాటు ఆలోచించింది. అది మనసులో కుదిరాక, గురువుగారికి చెప్పుకుందామని బయల్దేరింది.

కూర్మదాసు గారు ఊరి చివర ఒంటరిగా ఉంటారు. ఒకప్పుడు మగ్గం నేసేవారు. ఇప్పుడు కళ్ళు ఆనక మానేశారు. పైడమ్మ ఆయన దగ్గర ఉపదేశం తీసుకుంది. ఏదడిగినా ఆయన ముందు నవ్వుతారు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనరు. కొత్తవాళ్ళు ఈయనకి చెముడు కాబోలనుకుని గట్టిగా అరిచి మళ్ళీ అడుగుతారు.

"అంతా పంచేశాను గురువుగారూ" అంది పైడమ్మ, కూర్చుంటూనే. "దప్పళం దాలమ్మకిచ్చాను. ఆవిడ పొయ్యి తోటకి ఆ కొసన, నూతి పక్కన. బూరెలు నడిమి తోడికోడలు లచ్చుమమ్మవి, ఆవిడ పొయ్యి నడిమిన. పులిహోర, కంద బచ్చలి ఆడపడుచులవి. అన్నం నాది, ఈ కొసన. ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి గరిటె వాళ్ళది, ఆఖరికి ఉప్పు కూడా ఎవరిది వాళ్ళకే వేరుగా పెడుతున్నాను. ఒకరి పొయ్యి దగ్గరికి ఇంకొకరు వెళ్ళే పనే లేదు."

కూర్మదాసు గారు నవ్వారు.

"అన్నం వార్చడానికి గుండిగ ఎత్తాలి కదా, ఆ వేళకి మరుదులిద్దరినీ రమ్మన్నాను. అదీ చూసుకున్నాను. ఇంక మాట జారే సందేదీ?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు.

"మీ అత్త ఎలా పంచేదమ్మా?"

"ఆవిడా! ఏటి పంచేది? తోట మధ్యలో పీట వేసుకుని కూర్చుని అందరినీ కేకలేసేది. ఒకరు తరిగింది ఇంకొకరు పోపేసేవాళ్ళు. అందరి చేతులూ అన్ని గిన్నెల్లోనూ. అలకలు, దెప్పుళ్ళు, ఒకటే గోల. నాకా గోల వద్దు." పైడమ్మ కాస్త ముందుకి జరిగింది. "లోపం లేకుండా పంచానా లేదా, మీరే చెప్పండి."

"నేనూ వస్తాను" అన్నారాయన. "నాకూ ఇంత పెడతావా?"

పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. గురువుగారు ఎవరింటికీ భోజనానికి వెళ్ళరు. తన ఏర్పాటు మెచ్చే వస్తానన్నారని ఆమె సంబరపడిపోయింది. ఇంటికెళ్ళేదాకా నేల మీద నడిచినట్టే లేదు.

వనభోజనం నాడు అన్నీ అనుకున్నట్టే జరిగాయి. గాడిపొయ్యిలు తవ్వారు, పుల్లలు పేర్చారు, ఎవరి సామాను వాళ్ళ ముందుకి చేరింది. దాలమ్మ వచ్చింది, తలవంచుకుని తన కొసకి వెళ్ళింది, గుమ్మడికాయ ముందేసుకుని కూర్చుంది. ఇటు చూడలేదు. పైడమ్మ అటు చూడలేదు. పెళ్ళీడు ఆడపిల్లల్ని కూడా పైడమ్మ ఊరికే ఉంచలేదు, అడ్డాకులు కడిగి విస్తళ్ళు కుట్టమని నూతి అవతలికి పంపింది.

ఒక్క మాట జారలేదు. అసలు జారడానికి మాటంటూ ఉంటే కదా! తోటంతా గరిటెల చప్పుడే గానీ మనిషి గొంతు లేదు. పిల్లలు కూడా ఎందుకో మెల్లిగా ఆడుకుంటున్నారు. చూశారా ఎంత నెమ్మదిగా ఉందో, అనుకుంది పైడమ్మ. అనుకుంది గానీ, లోపల ఎక్కడో వెలితిగానే ఉంది.

కూర్మదాసు గారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. ఒక్కో పొయ్యి దగ్గరా కాసేపు నిలబడ్డారు. అందరినీ చూశారు. తర్వాత మగవాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

"కార్తీకం కదా, దిబ్బ కింద పారే గెడ్డలో ఒక మునక వెయ్యాలనుంది నాయనా. రాళ్ళు జారతాయి. పట్టుకోవడానికి తోడు రండి."

గురువుగారు అడిగితే కాదనేదెవరు? మరుదులిద్దరూ, పైడమ్మ మొగుడూ, అల్లుళ్ళూ అందరూ పంచెలు ఎగ్గట్టుకుని ఆయన వెంట దిబ్బ దిగి గెడ్డకి వెళ్ళారు. పైడమ్మ అది చూసింది. అన్నానికి ఇంకా వ్యవధి ఉందని ఊరుకుంది.

ఎసరు కుతకుతలాడింది. మెతుకు పట్టి చూసింది. ఇంకొంచెం. మళ్ళీ చూసింది. సరిగ్గా ఉడికింది. ఇప్పుడు వార్చాలి. ఇప్పుడంటే ఇప్పుడే.

తలెత్తి చూస్తే కూర్మదాసు గారు ఒక్కరే తడిబట్టలతో నడిచి వస్తున్నారు.

"గురువుగారూ, మరుదులేరీ?"

"గెడ్డలో ఉన్నారమ్మా."

"ఇంకానా?"

"నేను పిలిచేదాకా నీళ్ళలోంచి లేవొద్దన్నాను."

"ఓలమ్మో! పిలవండి మరి! అన్నం ముద్దయిపోతుంది!"

ఆయన మెల్లిగా ఒక మోడు మీద కూర్చున్నారు. "మళ్ళీ దిబ్బ దిగాలంటే కాళ్ళు రావడం లేదమ్మా."

పైడమ్మ చుట్టూ చూసింది. లచ్చుమమ్మ బూరెలు మరిగే నూనెలో ఉన్నాయి, వదిలి రాలేదు. ఆడపడుచులు ఉసిరిచెట్టు కింద పూజలో కూర్చున్నారు, మధ్యలో లేవకూడదు. ఆడపిల్లలు ఎక్కడో అవతల ఉన్నారు.

"నాకు సాయం ఎవరూ లేరు గురువుగారూ!"

"ఇంతమంది ఉన్నారు కదమ్మా."

"ఎవరి పని వాళ్ళకి పంచేశాను."

"అవును" అన్నారు కూర్మదాసు గారు. "పంచావు."

అంతే. కర్ర పక్కన పెట్టుకుని, చెవి వెనక నీళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు.

పైడమ్మకి ఒళ్ళు మండింది. గురువు కాకపోతే ఏమనేదో! మసిగుడ్డలు చేతికి చుట్టుకుని ఒక్కతే గుండిగ అంచు పట్టుకుంది. అది ఇత్తడి గుండిగ, మూరెడు నీళ్ళతో, కుటుంబమంతా తినే అన్నంతో ఉన్నది. ఒక పక్కకి ఒరిగింది, సలసల కాగే గంజి చిమ్మి మణికట్టు మీద పడింది. చురుక్కుమంది. వదిలేసింది. లోపల అన్నం ఉడుకుతూనే ఉంది. ఉడికే అన్నం ఎవరికోసమూ ఆగదు కదా.

తోటకి ఆ కొసన దాలమ్మ దప్పళం మీద మూత పెట్టి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి ఊరికే కూర్చుని ఉంది.

పైడమ్మ నోరు తెరిచింది. మూసింది. అన్నం పాడైతే పోనీ అనిపించింది ఒక్క క్షణం. నిజంగానే అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే భయం వేసింది. ఇంతమంది ఆకలికన్నా తన పంతం ఎక్కువైపోయిందా?

"దాలమ్మా!"

గొంతు బొంగురుగా, అరుపులా వచ్చింది. పూజలో ఉన్న ఆడపడుచులు కూడా తలతిప్పి చూశారు.

దాలమ్మ ఉలిక్కిపడి లేచింది. చేతిలో గరిటె చేతిలోనే ఉంది, తోట పొడవునా పరిగెత్తుకొచ్చింది.

"ఎవరికి కాలింది? ఏటయింది?"

ఏదైనా ఘోరం జరిగితే తప్ప ఈవిడ నన్ను పిలవదు అనుకుందన్నమాట. ఆ మాట వినగానే పైడమ్మకి కాలిన మణికట్టు సంగతే గుర్తులేదు.

"అన్నం" అంది. "వార్చాలి. అటు పట్టు."

దాలమ్మ గరిటె కింద పడేసింది. గుండిగ మూతికి పలచటి గుడ్డ వాసెన కట్టింది. ఇద్దరూ చెరోవైపూ పట్టి పొయ్యి మీంచి దించారు, రాయి మీదకి మెల్లిగా ఒరగేశారు. గంజి తెల్లగా, ధారగా దిగడం మొదలుపెట్టింది. అది పూర్తిగా దిగేదాకా కదలకూడదు. ఒకరు తొందరపడితే గుడ్డ ఊడిపోతుంది, అన్నం మట్టిపాలవుతుంది.

అలా ఎదురెదురుగా నిలబడ్డారు, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర. పక్కకి చూడ్డానికి లేదు. పైడమ్మ దాలమ్మ మొహం చూసింది. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఇవి ఎప్పుడు నెరిశాయి?

"ఆ రోజు..." అంది పైడమ్మ. "అత్త పోయిన రోజు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. మీ అమ్మ సంగతి తెలిశాకైనా వచ్చి చెప్పాల్సింది. తప్పు నాదే దాలమ్మా."

చెప్పేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో మొహం దాచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. దాలమ్మకీ కళ్ళు నిండాయి, ఆవిడకీ తుడుచుకునే వీల్లేదు. ఇద్దరూ అలాగే, బుగ్గల మీదుగా కారనిచ్చారు.

"అప్పా" అంది దాలమ్మ. అక్కని అప్ప అని పిలిచే ఊళ్ళు అవి. "నీ వైపు పట్టు సడలుతోంది. ముందు గట్టిగా పట్టుకో."

పైడమ్మ గట్టిగా పట్టుకుంది.

గంజి సన్నగా అయింది, చుక్కలు చుక్కలుగా ఆగింది. గుండిగ నిలబెట్టి గుడ్డ విప్పితే ఏ మెతుక్కామెతుకు విడివిడిగా ఉంది. అప్పుడు దాలమ్మ కంట పైడమ్మ కాలిన మణికట్టు పడింది. నూతి దగ్గరికి లాక్కెళ్ళి చన్నీళ్ళు పోస్తూ, "ఒక్కదానివే ఎత్తుదామనుకున్నావా? ఎప్పుడూ అంతే నువ్వు!" అని చెడామడా తిట్టింది. పైడమ్మ తిరిగి ఏదో అంది. నడిమి పొయ్యి దగ్గర్నుంచి లచ్చుమమ్మ, "నూతి దగ్గర సరసాలాడింది చాలు గానీ, నా బూరెలు తీసే దిక్కు లేదా!" అని అరిచింది. తోటలో గోల మొదలైంది.

కాసేపటికి మగవాళ్ళు పళ్ళు టకటకలాడించుకుంటూ దిబ్బెక్కి వచ్చారు. అందరికన్నా ముందు గవర్రాజు.

"గురువుగారూ, మీరింక పిలవరనిపించి వచ్చేశాం. అన్నం వార్చాలి కదా వదినా, లే, మేం..."

గుండిగ వైపు చూశాడు. పక్కపక్కనే కూర్చుని కొబ్బరి కోరుతున్న ఇద్దర్నీ చూశాడు. వాక్యం పూర్తి చెయ్యకుండా వెళ్ళి విస్తళ్ళు అందుకున్నాడు.

వడ్డన వేళ పైడమ్మ మొదటి విస్తరి కూర్మదాసు గారికి వేసింది. లోపం లేకుండా పంచానా అని ఆ రోజు అడిగింది కదా, ఆయన జవాబే చెప్పలేదు. ఇప్పుడు ఆమె మళ్ళీ అడగలేదు. ఆయన దప్పళం కలుపుకుని, రెండు ముద్దలు తిని, "అన్నం బాగుందమ్మా" అన్నారు.

తిన్నాక అంట్లు తోమడానికి అందరూ నూతి దగ్గర చేరారు. దాలమ్మ గుండిగలోకి సగం దూరి మసి గీకుతోంది. లోపల్నుంచే మాట్లాడింది, గొంతు గుడగుడలాడుతూ వచ్చింది.

"మరీ ఇంత బరువేటప్పా ఇది! వచ్చే ఏడు చిన్న గిన్నెలు రెండు తెచ్చుకుందాం. ఎవరిది వాళ్ళం వార్చేసుకోవచ్చు."

వచ్చే ఏడు, అంది. పైడమ్మ చేతిలో కొబ్బరిపీచు ఆగిపోయింది. గవర్రాజు అక్కడే నీళ్ళు తోడుతున్నాడు. విన్నాడు. చేద మళ్ళీ నూతిలోకి వదిలాడు.

"వద్దు" అంది పైడమ్మ. "ఇదే ఉండనీ."