గిజిగాడి పచ్చచాప

అనగనగా ఒక అడవిలో, ఈతచెట్ల నీడ పడే చోట ఒక మడుగు ఉండేదర్రా. ఆ ఈతాకుల చివర గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకునేవి. గాలి వీస్తే గూళ్ళన్నీ ఉయ్యాలలయ్యేవి. కింద నీళ్ళలో వాటి నీడలూ ఊగేవి.

ఆ గిజిగాళ్ళలో బంగారి అని ఒక కుర్ర పిట్ట ఉండేవాడు. తలంతా పసుపు పూసినట్టుంటుంది, అందుకే ఆ పేరు. ముక్కులో పనితనం ఉంది గానీ మనసే ఒక చోట నిలవదు. అల్లుతూ అల్లుతూ మబ్బుల వంక చూసేవాడు. ముక్కులోని గడ్డిపోచ జారి నీళ్ళలో పడేది. అది తేలుతూ పోతుంటే, దానితో పాటు తనూ ఎక్కడికో పోతున్నట్టు కలగనేవాడు.

గిజిగాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, కాలితో తొక్కి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది.

బంగారి గూటికి ముగ్గురు వచ్చారు.

మొదటి ఆమె, "వాకిలి వంకరగా ఉంది" అంది.

రెండో ఆమె, "ఇన్ని సందులేమిటయ్యా! వానొస్తే నా గుడ్లు ఈత నేర్చుకోవాలా?" అంది.

మూడో ఆమె లోపలికే రాలేదు. "అబ్బాయీ, ఇది గూడా, జల్లెడా?" అని తుర్రుమంది.

చెట్టు చెట్టంతా పగలబడి నవ్వింది. బంగారి రెక్కలో ముఖం దాచుకున్నాడు.

ఆ ఏడే మడుగుకు జబ్బు చేసింది. పై గట్టున మనుషులు రంగుల కార్ఖానా ఒకటి పెట్టారు. దాని మురుగు వాగులో కలిసి మడుగులోకి దిగింది. నీళ్ళ మీద నెమలి కంఠం లాంటి రంగులు తేలాయి. చూడ్డానికి ఎంత అందమో! తాగితే మాత్రం నాలుక మండిపోయేది. చేపపిల్లలు తెల్లగా తేలాయి. కప్పల పాట ఆగిపోయింది.

ఎగరగలిగినవి కొన్ని ఎగిరిపోయాయి. పోలేనిది బుడుబుంగ. బుడుంగున మునిగి అల్లంత దూరాన తేలుతుందే, ఆ నీటిపిట్ట. వీపు మీద ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేది.

"అక్కా, నువ్వెళ్ళవా?" అని అడిగాడు బంగారి.

"ఎట్లా వెళ్ళను నాయనా? వీళ్ళకింకా రెక్కలు రాలేదు. నడిచిపోదామంటే నా కాళ్ళు నేల మీద అడుగు వెయ్యవు. ఈ నీళ్ళే మా ఇల్లు, ఇదే మా అన్నం" అంది బుడుబుంగ.

అప్పుడే గట్టు మీద బండలోంచి సన్నని గొంతు వినిపించింది. "ఆ జల్లెడ గూడు ఎవరిది?"

బంగారి చిన్నబోయి, "నాదే. నువ్వూ నవ్వుతావా?" అన్నాడు.

"నవ్వను. నాకు అలాంటిదే కావాలి."

బండ గుంటలో కాసిని వాననీళ్ళున్నాయి. అందులో గోరంత పచ్చదనం. అది నాచు. ఒక్కొక్కటీ కంటికి కనిపించనంత చిన్న ప్రాణం. అన్నీ కలిస్తే ఒకటే పచ్చన, ఒకటే గొంతు.

"నేను ఎండ తాగి బతుకుతాను. నీళ్ళలో విషముంటే అదీ లాక్కుంటాను. కానీ నాకు నిలబడే చోటు లేదు. నీళ్ళు ఇటు దూరి అటు పోయేలా ఒక చాప అల్లిపెట్టు. అలా సందులు పెట్టి అల్లడం ఈ చెట్టు మీద నీకొక్కడికే వచ్చు" అంది నాచు.

తన అల్లికను మెచ్చుకున్న మొదటి గొంతు అది. బంగారి గుండె ఈతాకు కొసలా ఊగిపోయింది.

"ఒక్క మాట విను. కడుపు నిండాక నేను నల్లబడతాను. అప్పుడు చాపతో సహా నన్ను పైకి లాగెయ్యి. నీళ్ళు తాకని ఎత్తు బండ సందులో ఎండబెట్టు. నేను నీళ్ళలోనే చచ్చిపోయానా, తిన్నదంతా ఒక్కసారిగా కక్కేస్తాను."

"మరి నువ్వు?"

"ఈ గుంటలో చిటికెడు ఉంటాను కదా! దాంట్లోంచి మళ్ళీ పెరుగుతాను. అదీ నేనే. కాకపోతే, దానికి నువ్వెవరో తెలియదు. లాగుతావా? ఒట్టేనా?"

"ఒట్టు!" అన్నాడు బంగారి. అప్పుడా మాట వాడికి తేలిగ్గానే వచ్చింది.

పక్క చెట్టు మీది ఉడత ఒకటి కానుగ గింజలు కొరికి నూనె తీసిచ్చింది. ఆ నూనె పూస్తే గడ్డి త్వరగా కుళ్ళదు. బంగారి ఒక్కో పోచకూ నూనె పూసి, తామరాకంత చాప అల్లాడు. తాడు పేని, ఒక కొస చాపకు, రెండో కొస ఈతకొమ్మకు కట్టాడు. "నువ్వు పిలువు, అందరం కలిసి లాగుతాం" అని తోటి గిజిగాళ్ళు మాటిచ్చాయి.

నాచు చాప మీదకు చేరింది. రోజురోజుకూ పరుచుకుంది. నీళ్ళ మీది రంగులు పలచబడ్డాయి. ముందు ఒక కప్ప బెకబెకమంది. తర్వాత అన్నీ అందుకున్నాయి. బుడుబుంగ పిల్లలు చాప చుట్టూ ఈదుతూ అల్లరి చేసేవారు.

బంగారి చాప అంచునే కూర్చునేవాడు. తన కలలన్నీ చెప్పేవాడు. "మబ్బుకు వాకిలి ఎటుంటుందంటావు?" అనేవాడు.

"నువ్వు అల్లితే వంకరగా ఉంటుంది" అనేది నాచు. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఒక పొద్దున నాచు అంది, "బంగారీ, నా అంచు నల్లబడింది. లాగెయ్యి."

"ఛ, అది ఈతాకు నీడ" అన్నాడు బంగారి. నీడ కాదని వాడికి తెలుసు.

మళ్ళీ అంది, "ఇప్పుడు నడుమ కూడా నల్లబడింది. లాగెయ్యి."

"రేపు లాగుతాను. ఇంకొక్క పాట విను."

బుడుబుంగ కూడా వచ్చి అడిగింది. "ఏమయ్యా, చాప నల్లగా కనిపిస్తోంది. నాకు నాచు సంగతి తెలియదు, నువ్వు చెప్పినట్టే నడుచుకుంటాను. పిల్లల్ని దూరంగా ఉంచనా?"

బంగారి నేల చూపులు చూశాడు. "ఇంకా టైముందక్కా" అన్నాడు.

బుడుబుంగ నమ్మింది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి నాచు గొంతు వినీ వినపడనట్టుంది. "నాకు ఊపిరాడ్డం లేదు బంగారీ. ఒట్టేశావు. నా కడుపులో ఏముందో మరిచిపోయావా?"

బంగారి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేను అల్లినదాంట్లో ఉన్నదానివి నువ్వొక్కదానివే. నా చేతులారా నిన్నెట్లా లాగను? ఒక్క రోజు, ఒక్క రోజు ఉండిపో!"

రాత్రికి చాప అంచులు నీళ్ళలోకి కుంగాయి.

తెల్లారేసరికి చాప మునిగిపోయింది. నీళ్ళ పైన మిగిలిన తాడును బంగారి ఒక్కడే లాగాడు. "రండి, రండి!" అని అరిచాడు. గిజిగాళ్ళన్నీ వచ్చి లాగాయి. పైకి వచ్చింది వట్టి గడ్డి. కుళ్ళిన నాచు ముద్దలు ముద్దలుగా విడిపోయి నీళ్ళలో కలిసిపోయింది. ఇన్నాళ్ళూ తిన్న విషమంతా ఒక్కసారిగా మడుగులోకి వచ్చేసింది.

ముందు కప్పల పాట ఆగింది. తర్వాత బుడుబుంగ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తల్లి వీపు మీంచి జారిపోయారు.

తల్లి మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. చివరికి ఉత్త ముక్కుతో పైకి వచ్చి, బంగారి కూర్చున్న కొమ్మ కింద ఆగింది. కసురుకుంటుందనుకున్నాడు వాడు. కసురుకున్నా బాగుండేది.

"టైముందన్నావు కదా నాయనా" అంది. అంతే. అటు తిరిగి వెళ్ళిపోయింది.

బంగారి ఆ కొమ్మ మీద ఎన్నాళ్ళు అలా ఉన్నాడో! మబ్బులు వచ్చాయి, పోయాయి. వాడు తలెత్తి చూడలేదు. ఒకరోజు లేచి గడ్డి కోసుకొచ్చాడు. కానుగ నూనె పూశాడు. మళ్ళీ చాప అల్లాడు. బండ గుంటలోని చిటికెడు నాచులోంచి కాస్త ముక్కుతో తెచ్చి మెల్లగా దాని మీద ఉంచాడు.

కొన్నాళ్ళకు చాప పచ్చబడింది. సన్నని గొంతు వినిపించింది. "ఈ చాప ఎవరు అల్లారు? ఎంత బాగుందో! సందులు భలే కుదిరాయి."

అదే గొంతు. బంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే అల్లాను" అన్నాడు.

"నువ్వెవరు?"

"నువ్వు నల్లబడిన రోజు నిన్ను లాగేవాణ్ణి" అన్నాడు బంగారి.

ఈసారి అంచు నల్లబడగానే నాచు అడిగేదాకా వాడు ఆగలేదు. తనే అందర్నీ పిలిచాడు. తాడు ముక్కున కరుచుకున్నాడు. గిజిగాళ్ళు పైనుంచి లాగుతున్నా తడిసిన చాప కదల్లేదు.

అప్పుడు కింద బుడుంగుమని చప్పుడైంది. బుడుబుంగ తేలి, చాప కిందికి దూరి, ఖాళీ వీపుతో దాన్ని పైకెత్తింది.

"లాగు నాయనా" అంది.

లాగాడు. వాడి కన్నీళ్ళు టపటపా చాప మీద పడ్డాయి. చాప ఎత్తు బండ సందుకు చేరి, ఎండకు ఎండింది. మడుగు తేటపడింది.

ఇప్పటికీ అంతేనర్రా. చాప నల్లబడినప్పుడల్లా బంగారి లాగుతాడు, కొత్త చాప అల్లుతాడు. ప్రతిసారీ కొత్త నాచు, "నువ్వెవరు?" అని అడుగుతుంది. ప్రతిసారీ వాడు చెబుతాడు. ఆ తేట నీళ్ళలో బుడుబుంగ మునిగి తేలుతుంది. తేలినప్పుడల్లా ఎవరో ఎక్కుతారన్నట్టు వీపు కొంచెం కిందికి వంచి, కాసేపు అలాగే ఉండి, మళ్ళీ మునుగుతుంది.

నీతి: మనం ప్రేమించినవాళ్ళకు ఇచ్చిన మాట ఎంత నొప్పిగా ఉన్నా వేళకు నిలబెట్టుకోవాలి, మన గుండె నొప్పికి భయపడి వాయిదా వేస్తే, ఆ నొప్పి ఏ పాపం ఎరగనివాళ్ళ మీద పడుతుంది.