తలపాగాలో ముళ్ళ ఎలుక పిల్లలు

అనగనగనగా వానలు తక్కువ, ముళ్ళపొదలు ఎక్కువ అయిన ఒక దేశం. ఆ దేశాన్నేలే వీరధవళుడికి ముగ్గురు కొడుకులు. ఒక ఏడు జటిలాక్షుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు హేమలేఖను ఎత్తుకుపోయి, ఏడు ముళ్ళడవులకు అవతల తన రాతికోటలో బంధించాడు. విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. ఇద్దరూ కోటవాకిట్లో రాతిబొమ్మలై నిలబడ్డారని కబురొచ్చింది. అప్పుడు చిన్నవాడు కువలయుడు గుర్రమెక్కాడు.

ఒక అడవి దాటాడు, ఇంకో అడవి దాటాడు, అలా ఆరూ దాటాడు. ఏడో అడవిలో అడుగుపెట్టేసరికి ఎదురుగా మంటలు! దారి మూసెయ్యడానికి మాంత్రికుడే పొదలకు నిప్పంటించాడు. గుర్రం బెదిరి కువలయుణ్ణి కిందపడేసి పారిపోయింది.

"నాయనా, నా పిల్లలు!" కాళ్ళ దగ్గర సన్నని గొంతు వినబడింది.

చూస్తే గుప్పెడంత జంతువు. వీపంతా పొట్టి ముళ్ళు, కూచిమూతి, నుదుటిమీద తెల్లని పట్టీ. అదొక ముళ్ళ ఎలుక. దాని బొరియ మీద పొద అంటుకుంది. కువలయుడు మోచేతిదాకా బొరియలోకి చెయ్యి పెట్టాడు. చెయ్యి బొబ్బలెక్కినా వెనక్కి తియ్యలేదు. రెండు పిల్లలు దొరికాయి. వాటికింకా కళ్ళు తెరుచుకోలేదు, ముళ్ళు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వాటిని తలపాగాలో చుట్టి తలకు కట్టుకుని, తల్లిని అరచేతిలో పెట్టుకుని, మంటల్లోంచి ఒక్క పరుగున అవతలికి వచ్చిపడ్డాడు.

అతని కథంతా విని ముళ్ళ ఎలుక అంది. "ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో నాకు తెలుసు. పొద్దువాలేవేళ నేను పురుగుల వేటకు బయల్దేరతాను. వాడు కోట పక్కనున్న పుట్ట దగ్గరికొచ్చి, లోపలున్న ఎర్రతేలుకు మిడతల్ని వేసి 'నా ప్రాణమా, కులాసానా' అని అడుగుతాడు. దానికి తాచుపాము కాపలా."

"అయితే పుట్ట తవ్వేస్తాను."

"తవ్వితే తేలు ఏ సందులోకో జారుకుంటుంది. నేనే వెళ్ళాలి. మాకు తేలు తిండే. విషం మమ్మల్ని అంత తొందరగా పడగొట్టలేదు. కానీ నాకేదైనా అయితే, పాలు మరవని ఈ రెండూ..."

"నా తలమీద ఉన్నంతసేపు అవి నా ప్రాణం, తల్లీ."

ముళ్ళ ఎలుక చేదు ఆకు ఒకటి నమిలి, నోటినిండా నురగ తెచ్చుకుని, గుచ్చుకుంటే మరింత మండేలా ఆ నురగను తన ముళ్ళకు పూసుకుంది. "వాణ్ణి మాటల్లో పెట్టు. పుట్టవైపు మాత్రం చూడకు" అని గడ్డిలోకి దూరింది.

కోటవాకిట్లో జటిలాక్షుడు మంత్రదండంతో నిలబడి ఉన్నాడు. "మూడోవాడివీ వచ్చావట్రా?"

"వచ్చాను. మా అన్నలు భయపడ్డారా చెప్పు."

మాంత్రికుడు పకపక నవ్వి దండంతో నేలను కొట్టాడు. కువలయుడి కాళ్ళు మోకాళ్ళదాకా రాయయ్యాయి. అప్పుడే పుట్ట దగ్గర బుస్సుమన్న చప్పుడు. కంటికొసన కనిపించింది: పాము పడగెత్తింది, ముళ్ళ ఎలుక బంతిలా ముడుచుకుంది. పాము కాటేసింది, మళ్ళీ కాటేసింది. ప్రతిసారీ దాని నోట్లోనే ముళ్ళు దిగాయి.

"ఏమిటా చప్పుడు?" మాంత్రికుడు తల తిప్పబోయాడు.

"నీ గొప్పంతా ఆ దండానిదే! అది లేకపోతే నువ్వెంత?" అని అరిచాడు కువలయుడు.

మాంత్రికుడు పళ్ళు కొరికి మళ్ళీ కొట్టాడు. ఈసారి నడుముదాకా, చేతులతో సహా రాయి. నెత్తురోడుతూ పాము పొదల్లోకి పాకిపోయింది. ముళ్ళ ఎలుక పుట్టలోకి దూరింది. ఇక ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. అంతలో తలపాగాలో పిల్ల ఒకటి కుయ్యిమంది.

"తలమీద ఏం దాచావురా?" మాంత్రికుడు దండం ఎత్తాడు. తలదాకా రాయి పాకితే ఆ పిల్లలూ రాళ్ళే! తలపాగా విప్పి విసిరేద్దామంటే కువలయుడికి చేతుల్లేవు.

"తల్లీ, తొందరగా!" అని గొంతు చించుకున్నాడు.

దండం నేలను తాకింది. గుండె చల్లబడింది, గొంతు బిగుసుకుంది, గడ్డం రాయయింది. అక్కడ ఆగిపోయింది. పుట్టలో ముళ్ళ ఎలుక తేలు కొండిని కొరికిపారేసి, తలను పటుక్కున నమిలింది. జటిలాక్షుడు నిలబడ్డచోటే కూలి బూడిదయ్యాడు. కువలయుడి ఒంటిమీది రాయి పెంకులు పెంకులుగా రాలింది. అన్నలిద్దరూ కళ్ళు నులుముకుంటూ కదిలారు.

కువలయుడు పుట్ట దగ్గరికి పరుగెత్తాడు. ముళ్ళ ఎలుక పుట్ట కన్నం దగ్గరే బంతిలా ముడుచుకుని పడి ఉంది. పిలిస్తే పలకలేదు, తడితే కదల్లేదు. కోటలోంచి వచ్చిన హేమలేఖ సంగతి తెలుసుకుని, తలపాగా విప్పి పిల్లల్ని ఆ ముళ్ళబంతి పక్కన పడుకోబెట్టింది. పిల్లలు పాలకోసం తడుముకున్నాయి. చాలాసేపటికి ముళ్ళు కాస్త సడలాయి. తేలు కుట్టి ఉబ్బిన మూతి ఒకటి మెల్లగా బయటికొచ్చి, ఒక పిల్లను వాసన చూసింది, రెండోదాన్నీ వాసన చూసింది. అప్పుడు కువలయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

హేమలేఖ తండ్రి ఆనందంతో కూతుర్నీ, రాజ్యాన్నీ కువలయుడి చేతిలో పెట్టాడు. పెళ్ళి పందిరి తీసేనాటికి, తల్లితోపాటు వెంట తెచ్చుకున్న ముళ్ళ ఎలుక పిల్లలకు కళ్ళు తెరుచుకున్నాయి, ముళ్ళు గట్టిపడ్డాయి. ఒక సాయంత్రం తల్లి ఒక దిక్కుకు, పిల్లలు చెరో దిక్కుకు, తమ జాతి తీరున ఎవరి బతుకు వాళ్ళు బతకడానికి వెళ్ళిపోయాయి. కువలయుడూ హేమలేఖా మునిమనవల్ని ఎత్తుకునేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.