అక్క కోసం కట్టిన బాణీ

ఎస్తేరు మొదటి ఆల్బమ్ విడుదలై నెల కాలేదు, పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. అమెరికాలో నల్లజాతి కూలీల బాధలోంచి పుట్టిన బ్లూస్‌ని పియానో మీద ఇంత శుద్ధంగా పలికించినవాళ్లు మన దగ్గర లేరన్నాయి. ఒక్క విమర్శకుడు మాత్రం, చనిపోయిన అక్క కోసం ఆమె కట్టిన బాణీ గురించి ఒకే వాక్యం రాశాడు: "ఇందులో దుఃఖం ఉంది, కానీ అది అద్దంలో తన ముఖం చూసుకుంటోంది."

మిగతా పొగడ్తలేవీ ఆమెకు గుర్తు లేవు. ఆ వాక్యం మాత్రం అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు.

ఒక మధ్యాహ్నం లాలాగూడలో క్లెమెంట్ సర్ ఇంటికి వెళ్లింది. ఎనిమిదో ఏట ఆమెకు పియానో నేర్పింది ఆయనే. భార్య పోయాక ఆ పెంకుటింట్లో ఒక్కడే ఉంటున్నాడు.

"అతను రాసింది నిజమా సర్?"

ఆ వాక్యం చదివి వినిపించి ఆమె చాచిన పత్రికను ఆయన అందుకోలేదు. "వాయించు," అన్నాడు.

స్టూడియోలో ఇరవై మూడుసార్లు రికార్డు చేసిన బాణీ అది. ముగించిన ప్రతిసారీ గాజు గోడ అవతలి ముఖాల కేసి చూసేది, బాగుందా అని. ఇప్పుడూ ఓరకంట ఆయన్నే చూస్తూ వాయించసాగింది.

సగంలో క్లెమెంట్ సర్ లేచాడు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. గేటు చప్పుడైంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆయన వీధి వైపు కిటికీ బయట నిలబడి అడిగాడు. "ఆపేశావేమ్మా?"

"మీరు వెళ్లిపోయారు కదా సర్."

"మీ అక్కా వెళ్లిపోయింది కదమ్మా."

అంతే. వీధి వెంట నడుచుకుంటూ పోయాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. అక్క పోయిన రోజు నుంచీ ఎస్తేరు చుట్టూ ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. ముందు ఓదార్చేవాళ్లు, తర్వాత రికార్డు చేసేవాళ్లు, ఆ తర్వాత మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ లేరు.

చాలాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత ఒక్క వేలితో ఒక స్వరం నొక్కి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగింది. ఇంకొకటి నొక్కింది. బాణీ దారి తప్పింది, తాళం తడబడింది. సరిచేసుకోలేదు. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

లేచి తలుపు దాకా వచ్చేసరికి ఎండ వాలిపోయింది. ఆయన మెట్ల మీద, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఎంతసేపైంది సర్ వచ్చి? లోపలికి రాలేదేం?"

"లోపల మీరిద్దరూ ఉన్నారు కదమ్మా," అన్నాడు క్లెమెంట్ సర్.